లేత నీలం పెన్సిల్

జూన్ 5, శుక్రవారం

ఇరవై ఏడో పేజీ పొద్దున తొమ్మిదికల్లా నెట్‌లో పెట్టేశాను. ఇంకో ఆరు పేజీలు గీస్తే మొదటి భాగం పూర్తి. ఆకాశం ఊడిపడ్డా మధ్యలో ఆపేది లేదు.

స్కూలు పుస్తకాల కంపెనీలో పదకొండేళ్ళు కప్పలూ, ఆకులూ, పళ్ళు తోముకునే పిల్లలూ గీశాను. ఈ కప్పని ఎవరు గీశారని ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు చందా కట్టి నా కామిక్ చదివేవాళ్ళు రెండు వందల పైచిలుకు. ప్రతి శుక్రవారం ఒక పేజీ. వాళ్ళలో ఒక నలభై మంది ఇంకాస్త ఎక్కువ కడతారు. వాళ్ళకి సిరా పెట్టకముందే పెన్సిల్ పేజీ చూపిస్తాను. దానికి వాళ్ళే 'పచ్చి పేజీ' అని పేరు పెట్టుకున్నారు.

ఇవాళ్టి పేజీలో పెద్దక్క ప్రయాణమై బస్టాపు దాకా వెళ్ళి, స్విచ్‌లు ఆపానో లేదో అని ఇంటికి తిరిగొస్తుంది. మళ్ళీ వెళ్తుంది, మళ్ళీ వస్తుంది. మూడోసారికి బస్సు పోతుంది. జనం పడీ పడీ నవ్వారు. 'స్విచ్చక్క' అని ముద్దుపేరు కూడా పెట్టేశారు.

మా అక్క కూడా అచ్చం ఇలాగే చేస్తుంది. అయినా ఈవిడ మా అక్క కాదు. పాత్ర.

జూన్ 8, సోమవారం

ఇక్కడి నుంచి కథ వెనక్కి వెళ్తుంది. నాన్న లాండ్రీ, అది కాలిపోయిన రోజు. అక్కకి అప్పుడు ఇరవై ఒకటి, నాకు పదిహేడు. అమ్మ అప్పటికే లేదు. ఆ రోజు సగం పూటే షాపు. అక్క ఒంటిగంటకి మూసి ఇంటికొచ్చింది. సాయంత్రం అయిదు దాటాక మంటలు. ఇస్త్రీ పెట్టె ఆపకుండా వచ్చింది కాబట్టే అలా జరిగిందని అందరూ అన్నారు. అక్క కూడా అదే అంది. షాపు మళ్ళీ తెరవలేదు.

కథ కాబట్టి కొంచెం అటూ ఇటూ మారుస్తాను. ఆ రోజు నేను ఎక్కడున్నానో సరిగ్గా గుర్తు లేదు.

జూన్ 12, శుక్రవారం

ఇరవై ఎనిమిదో పేజీ. అక్క షాపు మూయడం. గోడ గడియారంలో ఒంటిగంట. పక్క షాపులో టైలరు మిషను తొక్కుతుంటాడు. పాత ఇస్త్రీ పెట్టె బాగా కుదిరింది. దానంతట అది ఆగే రకం కాదు అది, స్విచ్ కట్టేదాకా కాలుతూనే ఉండేది. పిడి దగ్గర చెక్క అరిగిపోయి నాన్న గుడ్డ చుట్టాడు, ఆ గుడ్డ గీతలు కూడా వేశాను. ఇరవై మూడేళ్ళయినా చేతికి గుర్తుంది.

జూన్ 16, మంగళవారం

అక్క ఫోన్. "ఏం గీస్తున్నావే ఈమధ్య?" అంది. లాండ్రీ గురించి అన్నాను. "దాన్ని ఎవడు చదువుతాడు! పోనీలే, నన్ను మాత్రం కాస్త సన్నగా గియ్యి" అని నవ్వింది. తను నా కామిక్ ఎప్పుడూ చదవలేదు. ఆసుపత్రి లాండ్రీలో సూపర్‌వైజరు, దుప్పట్ల లెక్క చూసుకునేసరికే తెల్లారిపోతుంది.

సన్నగానే గీశాను.

జూన్ 19, శుక్రవారం

ఇరవై తొమ్మిదో పేజీ. ఖాళీ వీధి, మూసిన షాపు. రెండుంబావుకి కరెంటు పోతుంది, టైలరు విసనకర్ర పట్టుకుని బయట కూర్చుంటాడు. అయిదింటికి కరెంటు వస్తుంది, ఆఖరి గడిలో తలుపు సందులోంచి పొగ.

మధ్యాహ్నానికి ఒక వ్యాఖ్య వచ్చింది. రాసినాయన అగ్నిమాపక శాఖలో పాతికేళ్ళు చేసి రిటైరయ్యాడట. తన పేరు తనే 'పాత ఫైరింజను' అని పెట్టుకున్నాడు. మొదటి నెల నుంచీ చందాదారు. ఇలా రాశాడు:

"మేడం, బొమ్మలు అద్భుతం. ఒక్క సందేహం. పెద్దమ్మాయి ఒంటిగంటకి పెట్టె ఆపకుండా వెళ్ళిందంటే, కరెంటు పోయేలోపు అది గంటా పావు కాలి ఉండాలి. అలాంటి పెట్టె బట్ట మీద పావుగంట ఉన్నా పొగ లేస్తుంది. టైలరు పక్కనే ఉన్నాడు కదా, ఆయనకి వాసన రాలేదా? నా లెక్క ప్రకారం ఒంటిగంట తర్వాత ఇంకెవరో లోపలికి వెళ్ళారు. సస్పెన్సు బాగా పెట్టారు!"

జూన్ 20, శనివారం

పాత ఫైరింజనుకి పనీపాటా లేనట్టుంది.

జూన్ 22, సోమవారం

ఆయన వ్యాఖ్య కింద ముప్పై మంది చేరారు. టైలరే చేశాడని ఒకరు, ఎదురింటివాళ్ళ కుట్ర అని ఇంకొకరు. ఒకావిడైతే తండ్రి మీదే అనుమానపడుతోంది. ఒళ్ళు మండిపోయింది. మా నాన్న మీదా?

ఒంటిగంట, రెండుంబావు, అయిదు. ఈ టైములు ఎందుకు గీశానో నాకే తెలియదు. ఎవరైనా అడిగారా? గడియారం లేని గోడ గీస్తే సరిపోయేది. చెయ్యి దానంతట అదే గీసుకుంటూ పోయింది, నేను ఇస్త్రీ పెట్టె మీద గుడ్డ ఎంత బాగా వచ్చిందో చూసుకుని మురిసిపోతూ కూర్చున్నాను.

ముప్పయ్యో పేజీలో వైరు కాలినట్టు చూపిస్తాను. గోడలో వైరు. ఎవరి తప్పూ కాదు. పాత బిల్డింగుల్లో జరుగుతుంది.

జూన్ 24, బుధవారం

వైరు మూడుసార్లు గీశాను. మూడుసార్లూ ఎలకతోకలా వచ్చింది. నాలుగోసారి వైరు వదిలేసి, ఊరికే, నా కోసం, అసలు ఏం జరిగిందో లేత నీలం పెన్సిల్‌తో గీసుకున్నాను. దాని మీద నల్ల పెన్సిల్‌తో మళ్ళీ వైరు గీశాను. పైన వైరు, కింద అసలు సంగతి. అబద్ధానికి కింద కొలతలు సరిగ్గా ఉంటే పైన కూడా కుదురుతుంది కాబోలు, ఈసారి బాగా వచ్చింది.

జూన్ 26, శుక్రవారం

జరిగింది వరసగా రాయాలి.

నా పద్ధతి ఇది: ముందు లేత నీలం పెన్సిల్‌తో కొలతలు వేసుకుంటాను, పక్కన నాకు నేను చెప్పుకునేవి రాసుకుంటాను. దాని మీద నల్ల పెన్సిల్‌తో అసలు బొమ్మ. స్కానరుని నలుపు-తెలుపులో పెడితే ఆ లేత నీలాన్ని అది అసలు పట్టించుకోదు, నల్లగీతలే వస్తాయి. ఎన్నేళ్ళ నుంచో ఇంతే. నీలంతో ఏం రాసినా భయం లేదు, ఎవరికీ కనపడదు.

నిన్న మా ఆయన తన ల్యాబు సర్టిఫికెట్టు ఏదో స్కాన్ చేసుకున్నాడు. రంగుల్లో. మార్చిన దాన్ని మళ్ళీ మార్చలేదు. నేను కూడా పొద్దున హడావుడిలో చూసుకోకుండా పచ్చి పేజీ ఎక్కించేశాను.

పదకొండింటికి పాత ఫైరింజను విడిగా మెసేజ్ పెట్టాడు. "మేడం, పేజీ మీద నీలం రాతలు కనిపిస్తున్నాయి. మీ సొంత విషయంలా ఉంది. వెంటనే తీసేయండి. నేను ఎవరితోనూ అనను."

తీసేశాను. రెండు గంటలు ఉంది అప్పటికే. నలభై మందిలో ముప్పై ఒక్కమంది చూశారు.

వైరు కింద స్పష్టంగా నేను. చేతిలో తాళాలు. పక్కన నా రాత: "ఇక్కడ నేను బయటికి వస్తాను. కరెంటు లేదు కదా అని స్విచ్ చూడలేదు. అక్కకి చెప్పలేదు. ఇప్పటికీ."

జూన్ 27, శనివారం

మా ఆయనకి చెప్పాల్సొచ్చింది. పెళ్ళయిన పధ్నాలుగేళ్ళకి.

మర్నాడు బొమ్మల కాలేజీలో ఇంటర్వ్యూ. డ్రెస్సు ఇస్త్రీ చేసుకుందామని రెండో తాళంచెవి తీసుకుని రెండింటికి షాపుకెళ్ళాను. సగం అయ్యేసరికి కరెంటు పోయింది. తిట్టుకుంటూ డ్రెస్సు మడతపెట్టుకుని వచ్చేశాను. ఒక చెయ్యి ఇస్త్రీ అయింది, ఒకటి కాలేదు. మర్నాడు అదే వేసుకుని ఇంటర్వ్యూకి వెళ్ళాను. సీటొచ్చింది.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

చెబుదామనే అనుకున్నాను. చెబితే నాన్న కాలేజీకి పంపడని భయం. చేరాక చెబుదామనుకున్నాను. చేరాక సెలవులకి వెళ్ళినప్పుడు అనుకున్నాను. ఆ తర్వాత, ఇప్పుడు చెప్పి ఎవరికి లాభం అనుకున్నాను. ఇలా చెప్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

"మీ అక్క స్విచ్‌లు మూడేసి సార్లు చూసుకుంటుంది కదా. నేనూ ఏడిపించేవాణ్ణి" అన్నాడు.

"నేను దాన్ని కామిక్కు చేసి అమ్ముకున్నాను" అన్నాను.

"ఆ ముప్పై ఒక్క మందిలో ఒకళ్ళు నోరు జారకముందే నువ్వు వెళ్ళి చెప్పు."

జూన్ 28, ఆదివారం

వెళ్ళలేదు.

జూన్ 30, మంగళవారం

వెళ్ళాను.

ఆసుపత్రి వెనకవైపు, నేల కింద లాండ్రీ. పెద్ద పెద్ద మిషన్లు, దుప్పట్లు మింగి బయటికి కక్కే రోలరు, ఆవిరి. ఒకరి మాట ఒకరికి వినపడదు. అక్క నన్ను చూడగానే రంగు మారిపోయి, "ఏంటే, పని వేళప్పుడొచ్చావు? మీ ఆయనకి ఒంట్లో బాగానే ఉందా?" అని అరిచింది. బాగానే ఉన్నాడన్నాను. మడతలు పెట్టే గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. తన చేతులు ఆగవు, ఒక దుప్పటి అంచు నాకిచ్చి రెండో అంచు తను పట్టుకుంది.

దారి పొడుగునా ఎన్ని మాటలు కూడబలుక్కున్నానో. ఒక్కటీ రాలేదు.

"అక్కా, ఆ రోజు ఇస్త్రీ పెట్టె ఆపనిది నువ్వు కాదు. నేను."

"ఏ రోజు?" అంది.

నేను చెప్పాను. రెండింటికి వెళ్ళడం, కరెంటు, డ్రెస్సు. మొత్తం. దుప్పటి ఇంకా మా ఇద్దరి మధ్యా ఉంది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు అక్క పెదాలు కదిలాయి.

"నేను ఆపాను. ఆపినట్టు గుర్తుండేది. అందరూ కలిసి ఆపలేదంటే, నాదే పొరపాటేమో అనుకున్నాను. నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే."

నా చేతిలో అంచు లాక్కుంది. దుప్పటి తనొక్కతే మడిచి, దొంతర మీద పెట్టి, అరచేత్తో సర్దింది.

"నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలుసంట!" అని గోడకేసి చూస్తూ అంది. "నాకు షిఫ్టు ఉంది. నువ్వెళ్ళు."

జూలై 1, బుధవారం

ఫోన్ ఎత్తలేదు.

జూలై 2, గురువారం

ఎత్తలేదు.

జూలై 3, శుక్రవారం

ఈ వారం కూడా పేజీ లేదు. మొదలుపెట్టిన ఈ ఏడు నెలల్లో ఇలా ఎప్పుడూ జరగలేదు. చందాదార్లకి నాలుగు ముక్కలు రాశాను: "ఈ కథలో నేనొక అబద్ధం గీయబోయాను. నిజం గీసే హక్కు నా ఒక్కదానిదే కాదు. అనుమతి వచ్చేదాకా ఆగండి. ఆగలేనివాళ్ళు చందా మానుకోవచ్చు, నాకేం కోపం లేదు."

కొందరు మానుకున్నారు. కోపం వచ్చింది.

జూలై 7, మంగళవారం

బావ ఫోన్ చేశాడు. "ఏం చెప్పావమ్మా మీ అక్కకి? వారం నుంచీ అన్నం సరిగ్గా తినడం లేదు. నిన్న ఇంటికి తాళం వేసి ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. నాకు భయమేసి నేను వెళ్ళి స్విచ్‌లు చూసొచ్చాను."

అక్కనే అడగమన్నాను. ఫోన్ పెట్టేసి బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

జూలై 10, శుక్రవారం

అనుమతి వచ్చినా రాకపోయినా గీయడం మానను. ఎవరికీ చూపించకపోతే పెట్టెలో పెట్టుకుంటాను. ముప్పయ్యో పేజీ మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి కింద నీలంలో ఒకటి, పైన నలుపులో ఇంకొకటి లేదు. షాపులోంచి బయటికొచ్చే అమ్మాయి నేనే. ముక్కు కూడా నాదే పెట్టాను. ముప్పై ఒకటి మంట. పేజీ మొత్తం మంట. నాలుగు రోజుల్లో రెండూ అయిపోతాయి. నడుం విరిగిపోతోంది, విరగనీ.

జూలై 14, మంగళవారం

పొద్దున పదింటికి తలుపు కొట్టారు. అక్క. చేతి సంచీతో, ఆసుపత్రి గుర్తింపు కార్డు ఇంకా మెడలో వేలాడుతోంది. సెలవు పెట్టొచ్చిందట.

"ఏదీ, చూపించు."

మొదటి పేజీ నుంచీ చూపించాను. బల్ల దగ్గర నా కుర్చీలో కూర్చుంది, నేను పక్కన నిలబడ్డాను. ఒక్కో పేజీ తిప్పుతోంది. ఇరవై ఏడు దగ్గర ఆగింది. బస్టాపు, స్విచ్‌లు, పోయిన బస్సు.

"దీనికి జనం నవ్వారా?"

"నవ్వారు."

"నాకూ నవ్వొస్తోందే, నీ మొహం మండ!" అంది. నిజంగానే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ బల్ల మీద తలపెట్టి ఏడ్చింది. భుజం మీద చెయ్యి వేయబోతే, "ముట్టుకోకు" అంది. నేను చెయ్యి తీసేశాను. అలాగే నిలబడ్డాను. కాఫీ పెట్టనా అని అడగడానికి కూడా మొహం చెల్లలేదు.

కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని ముప్పై, ముప్పై ఒకటి చూసింది. నా ముక్కు మీద వేలు పెట్టి, "కుదిరింది" అంది. మంట చాలాసేపు చూసింది.

"మంటకి పేజీ అంతా ఇచ్చావు. మంట ఎంతసేపుందే? అరగంట. తర్వాత మూడేళ్ళు ఏవి?"

"ఏ మూడేళ్ళు?"

"నాన్న నాతో మాట్లాడని మూడేళ్ళు. నువ్వు హాస్టల్లో ఉన్నావు, నీకేం తెలుసు! సెలవులకొస్తే నీతో కబుర్లు చెప్పేవాడు, ఇల్లంతా సందడిగా ఉండేది. నువ్వెళ్ళాక మళ్ళీ ఇద్దరమే. నేను కాలేజీ మానేసి వేరేవాళ్ళ లాండ్రీలో చేరాను. పొద్దున పెట్టేదాన్ని, తినేవాడు. సాయంత్రం పెట్టేదాన్ని, తినేవాడు. ఉప్పు తక్కువైందని కూడా అనేవాడు కాదు. తిట్టినా బావుండేది. అది గీయగలవా? బొమ్మల్లో మాటలు పెట్టడమేగా మీ పని. మాటలు లేనిదాన్ని గీయి చూద్దాం."

"గీస్తాను" అన్నాను.

"ఈ రెండు పేజీలూ పెట్టుకో. అది మాత్రం గీసి నాకు చూపించాకే ఎవరికైనా చూపించు." తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ, "నిన్ను క్షమించడానికి రాలేదు నేను. అది వేరే సంగతి" అంది.

సరే అన్నాను. వేరే సంగతే.

జూలై 17, శుక్రవారం

అక్క సరేనంది కాబట్టి ముప్పై, ముప్పై ఒకటి రెండూ ఒకేసారి పెట్టాను. కింద ఒక్క వాక్యం: "ఇది మా అక్క, ఇది నేను." పాత ఫైరింజను ఏమీ రాయలేదు, ఊరికే ఒక నమస్కారం పెట్టాడు. ఇంకెవరో నన్ను తిట్టిపోశారు. తిట్టనీ, తప్పేముంది.

జూలై 22, బుధవారం

ముప్పై రెండో పేజీ. నెలకొకటి చొప్పున ముప్పై ఆరు గళ్ళు. ప్రతి గడిలోనూ అదే బల్ల, నాన్న, అక్క, రెండు కంచాలు. మాటల బుడగ ఒక్కటీ లేదు. ఒకటి గీసి మిగతావి కాపీ చేస్తే అయిపోయేది, చేయలేదు. ముప్పై ఆరూ చేత్తో గీశాను. ఇరవై దాటాక నాన్న భుజాలు వాటంతటవే కిందికి దిగడం మొదలైంది. అక్క మాత్రం ప్రతి గడిలోనూ ఆయన మొహంలోకే చూస్తోంది. ఆమె అలా చూసేదని నాకెవరూ చెప్పలేదు.

ఫొటో తీసి పంపాను. అరగంట తర్వాత జవాబు: "కంచాలు స్టీలువి కాదు, పింగాణీవి. మిగతాదంతా ఇంతే."

కంచాలు మార్చాను. ముప్పై ఆరు రెండ్ల డెబ్బై రెండు.

జూలై 28, మంగళవారం

ఆఖరి పేజీలో ఏం గీయాలో తెలియక అక్కకే ఫోన్ చేశాను. ఎత్తింది.

"మూడేళ్ళ తర్వాత ఏమైంది?"

"మాట్లాడాడు" అంది. "నేను పని నుంచొచ్చి చెప్పులు విప్పుతున్నాను. వెనక నుంచి, 'పోనీలేమ్మా. అయిందేదో అయింది. నేను మర్చిపోయాను, నువ్వూ మర్చిపో' అన్నాడు. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఎంత ఏడ్చానో! ఎంత సంతోషపడ్డానే అసలు! ఒక చెప్పు కాలికి అలాగే ఉంది. ఎవరితోనైనా చెప్పుకోకపోతే గుండె పగిలిపోతుందేమో అనిపించింది. అలాగే వీధి చివర ఫోన్ల షాపుకి పరిగెత్తి నీకే చేశాను, హాస్టల్‌కి. 'నాన్న నన్ను క్షమించాడే' అని చెప్పాను. గుర్తుందా?"

గుర్తుంది.

"నువ్వేమన్నావో గుర్తుందా?"

అది కూడా గుర్తుంది.

"అది గీయి" అని పెట్టేసింది.

జూలై 31, శుక్రవారం

ముప్పై మూడు. ఒంటి చెప్పుతో వీధిలో పరిగెత్తే అక్క. ఆ సంతోషం చేతికి చిక్కడానికి రెండు రోజులు పట్టింది, కాగితం చిరిగేదాకా చెరిపాను. చివరికి వచ్చింది. ఆఖరి గడి హాస్టల్ వరండా. ఇరవయ్యేళ్ళ నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "మంచిదే అక్కా" అంటాను.

పొద్దున అక్కకి చూపించాను. వీధిలో పరుగు చూసి తల ఊపింది. ఆఖరి గడి దగ్గర, "ఎందుకే ఇంత ఏడుపు మొహం పెట్టావు? ఆ రోజు నీ గొంతు మామూలుగానే ఉంది" అంది.

కన్నీళ్ళు తుడిచేసి, మామూలు మొహం గీశాను. తొమ్మిదింటికి పెట్టేశాను.